అమ్మినవాడు తలుగు ఇవ్వడు

టీవీలో నా మొహం కింద ఒకసారి "రక్షణ రంగ విశ్లేషకులు" అని ఎర్ర పట్టీ వేశారు. ఆ పట్టీని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది, చెరిపే ధైర్యం లేదు. నిజానికి నేను మంచిర్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పుకునేవాణ్ణి. యుద్ధ విమానాన్ని దగ్గరగా చూసింది జీవితంలో ఒక్కసారే. హైదరాబాద్‌లో ఏదో కూడలి దగ్గర, ఇంజను పీకేసి దిమ్మె మీద నిలబెట్టిన పాతది. దాని రెక్క మీద పావురాలు కూర్చున్నాయి. దాని ముందు పావుగంట నిలబడ్డానని, ఆటో అతను విసుక్కుని వెళ్లిపోయాడని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. ప్రయాణికుల విమానం కూడా నేను ఎక్కలేదు. ఎత్తుకు పోతే నాకు కళ్లు తిరుగుతాయి. రాళ్లవాగు వంతెన మీద కూడా రోడ్డుకు మధ్యగానే నడుస్తాను.

అయినా ఏ దేశం ఎవరి దగ్గర ఏ విమానం కొన్నది, ఎందుకు కొన్నది, ఎవరు ఎవరికి అమ్మనన్నారు అనే విషయాల్లో నన్ను మించినవాడు గోదావరికి ఈ ఒడ్డున లేడని నా గట్టి నమ్మకం. స్టేషన్ రోడ్డులో ఒక చాయ్ హోటల్ ఉంది. శ్రీరాంపూర్ గనుల్లో చేసి రిటైరైన పెద్దమనుషులు పొద్దున్నే అక్కడ చేరతారు. బొగ్గు బాయిలో దిగి ఎక్కి జీవితం గడిపిన ఆ మనుషులకు ఆకాశంలో ఏం జరుగుతుందో చెప్పే బాధ్యత నేను తీసుకున్నాను. ఎవరూ నాకు ఇవ్వలేదు. రష్యా విమానం కొంటే సామాను కోసం రష్యా చుట్టూ తిరగాలనీ, ఫ్రాన్స్ విమానం ఇస్తుంది గానీ దాని మెదడులో ఉన్న ప్రోగ్రాం ఇవ్వదనీ, అమెరికా ఇంజను ఇస్తానంటూనే ఏళ్లు గడుపుతుందనీ, ఒక దేశం రష్యా దగ్గర క్షిపణులు కొన్నందుకు అమెరికా దానికి విమానాలు అమ్మడమే మానేసిందనీ, బల్ల మీద ఒలికిన చాయ్‌తో పటాలు గీసి మరీ చెప్పేవాణ్ణి. వాళ్లు వినేవారు. చాయ్ డబ్బులు నేనే ఇచ్చేవాణ్ణి కదా.

మా ఆవిడకు నా విద్య మీద చులకన. మా ఇంట్లో ఒక మిక్సీ ఉండేది. ఎగ్జిబిషన్‌లో, నేనే ఎంచి కొన్నాను. దాని అడుగున తిరిగే రబ్బరు పువ్వు అరిగిపోతే జిల్లా మొత్తం తిరిగినా దొరకలేదు. ఆ కంపెనీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. విడిభాగాల సమస్య గురించి నేను మాట్లాడిన కార్యక్రమాన్ని ఇంట్లో టీవీలో చూసుకుంటుంటే ఆమె రోట్లో పచ్చడి నూరుతూ ఉండింది. "దేశానికి చెప్పుడు అయినంక మిక్సీకి చెప్పు" అన్నది. నేను సౌండ్ పెంచాను.

ఆ ఎండాకాలం పొరుగు దేశంతో కొద్దిరోజుల పోరు నడిచింది కదా, నా దశ అప్పుడు తిరిగింది. మొదట మంచిర్యాల కేబుల్ వాళ్లు పిలిచారు. తరువాత కరీంనగర్ నుంచి పిలుపు వచ్చింది. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని బస్సులో నిలబడే పోయాను, కూర్చుంటే నలుగుతుందని. స్టూడియో అంటే ఒక షట్టర్ గది, వెనక నీలం తెర. ఆ తెర ముందు నేను విజృంభించాను. యాంకర్ అడిగింది ఒకటి, నేను చెప్పింది పది. పోరు మన దగ్గర ఆగినా గల్ఫ్ దిక్కు మేఘాలు కమ్ముతున్నాయి, అక్కడ మన వాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్ల పరిస్థితి ఏమిటని ఆ అమ్మాయి అడిగింది. నేను చేతులు రెండూ బల్ల మీద పెట్టి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇవ్వాళ కూడా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను చెప్పింది ఇది. ఆ చిన్న దేశాలు విమానాలు కొనేది ఎగరేయడానికి కాదు. కొన్ని అమెరికా దగ్గర, కొన్ని ఫ్రాన్స్ దగ్గర, కొన్ని బ్రిటన్ దగ్గర కొంటాయి. మూడు ఊళ్ల పటేళ్లకు పండుగకు మూడు పొట్టేళ్లు పంపినట్టు. కొనేది ఇనుమును కాదు, చుట్టరికాన్ని. అంతమంది పెద్దలకు సొమ్ము ముట్టచెప్పిన దేశం మీద ఈగ కూడా వాలదు. "ఈగ కూడా వాలదు" అన్నప్పుడు వేలు కూడా ఆడించాను. ఆ ముక్కను ఎవరో కత్తిరించి, వెనక డప్పుల సంగీతం పెట్టి వాట్సప్‌లో వదిలారు.

మా అక్క ఆసిఫాబాద్ దిక్కు ఒక ఊళ్లో వ్యవసాయం చేస్తుంది. మా బావ గల్ఫ్‌లో ఉంటాడు, పెళ్లైన కొన్నేళ్లకే అక్కడికి పోయాడు. బిల్డింగులకు పైపులు వేసే పని. ఆయన సెలవు పెట్టేది ఎప్పుడైనా మిరుగానికే, అంటే మృగశిర కార్తెకే. వాన పడితే సొంత ఎడ్లతో సొంత చేను దున్నుకోవాలి, ఆయనకు అదే పండుగ. ఈ ఏడు మాత్రం సెలవు కాదు, కథ ముగించుకుని వచ్చేస్తున్నాడు. "ఇగ పోను" అని ఫోన్లో ఒక్క మాట అన్నాడట. మా అక్క ఆ మాటను నాకు, మా ఆవిడకు, ఊళ్లో కనబడిన ప్రతివాళ్లకూ చెప్పింది. ఇంటికి సున్నం వేయించింది.

నా టీవీ ముక్క అక్క ద్వారా బావకు చేరింది. ఆయన దాన్ని క్యాంపులో గది గదికీ తిప్పి చూపించాడు. "మా బామ్మర్ది" అని. అదే సమయానికి కంపెనీ వాళ్లు పని ముగిసిన వాళ్లను రెండు జట్లుగా పంపుతామన్నారు. ఇప్పుడే పోతారా, నెలాఖరుకు పోతారా అని అడిగారు. భయపడినవాళ్లు మొదటి జట్టులో పేరు ఇచ్చారు. మా బావ రెండో జట్టులో ఇచ్చాడు, చేతిలో ఉన్న పని మధ్యలో వదలడం ఎందుకని. ఎవరో హెచ్చరిస్తే, మా బామ్మర్ది టీవీల చెప్పిండు, ఈగ గూడ వాలదట అన్నాడట. మా ఊళ్లల్లో అంతే. డాక్టరు చెబితే అనుమానం, లాయరు చెబితే అనుమానం. టీవీలో కనబడ్డ చుట్టం చెబితే మాత్రం వేదం.

మొదటి జట్టు ఇల్లు చేరింది. ఆ వెంటనే అక్కడ ఆకాశం మూసేశారు. ఈగ కాదు, క్షిపణే వాలింది. విమానాలన్నీ రద్దు. మా బావ సంచి సర్దుకుని, పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉండగా, క్యాంపు మంచం మీద కూర్చుండిపోయాడు.

ఆ సంగతి తెలియగానే నేను అక్క ఊరికి బయలుదేరాను. కాలేజీకి ఎట్లాగూ సెలవులు. దారి పొడుగునా ఏం చెప్పాలో వరుస కట్టుకున్నాను. ఇది తాత్కాలికమనీ, పెద్ద దేశాలు తమ సరుకు అమ్ముడుపోయే బజారును తామే తగలబెట్టుకోవనీ. నేను పోయేసరికి అక్క వాకిట్లో పత్తి గింజల సంచులు ఎండకు పెడుతోంది. నీళ్లు ఇచ్చింది. తిడితే బాగుండేది. ఇంతలో బావ ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది. మాట్లాడుతుండగా వెనక ఏదో పెద్ద మోత వచ్చింది. బావ మాట ఆపేశాడు, మోత పోయిందాకా ఆగి, ఈ యుద్ధ విమానాలు దినాం పోతున్నయి అన్నాడు. చూడండి నా బుద్ధి, ఆ క్షణంలో నాకు ఒళ్లంతా పులకరించింది. ఫోన్ మీదికి వంగి, "బావా, దానికి తోక ఒకటా రెండా? రెండైతే అమెరికాది" అని అడిగాను. మా అక్క నా వైపు చూసింది. ఫోన్ తీసుకుని గొడ్ల కొట్టం వెనక్కి పోయి మాట్లాడుకుంది. నేను గింజల సంచి దగ్గర కాకుల్ని తోలుతూ కూర్చున్నాను.

తరువాత తెలిసింది, బావ ఫోన్ చేసింది ఎద్దు గురించి. ఉన్న జతలో ఒకటి చలికాలంలో చచ్చిపోయింది. తాను వచ్చాక ఇంకోదాన్ని తానే కొందామనుకున్నాడు. ఇప్పుడు తాను రాలేడు, వాన మాత్రం ఆగదు. అక్క చేను దిగువన నల్లరేగడి. వాన పడ్డాక ట్రాక్టరు దిగితే మళ్లీ ఎక్కదు. గింజ పెట్టేముందు గొర్రుతో సాళ్లు తీయాలంటే ఎడ్లే కావాలి. ఆయన లేని ఏడు పక్క చేను ముసలాయన తోలి ఇచ్చేవాడు, ఇప్పుడు ఆయన మంచం పట్టాడు. మిగతావాళ్లకు ఎవరి చేను వాళ్లదే. వచ్చేసరికి చేను పచ్చగ ఉండాలె, బీడు సూడలేను అని బావ అన్నాడట. అక్కకు ఆ చేను బీడు పడితే ఆయన రాడేమో అన్న భయం పట్టుకుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ భయానికి సంబంధాలతో పనేముంది.

"ఎద్దును నేను కొంటా" అన్నాను. అక్క అనుమానంగా చూసింది. అంతర్జాతీయ బేరాల లోతుపాతులు తెలిసినవాణ్ణి, ఒక ఎద్దును కొనలేనా? అక్క చెప్పింది ఒక్కటే. మనకు మిగిలింది దాపల ఎద్దు, కాడికి ఎడమ దిక్కు నడుస్తది, కుడి దిక్కు నడిచే వలపల ఎద్దును తేవాలె అని. ఆ మాటను దారంతా జపం చేస్తూ రాష్ట్ర సరిహద్దు దగ్గర సాగే పశువుల అంగడికి పోయాను.

ఆ అంగడిలో బేరం నోటితో ఉండదు. అమ్మేవాడి తరఫు దళారి, కొనేవాడు చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడ్డా ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు. అది చూసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. దేశాలు విమానాలు కొనేది కూడా ఇట్లాగే కదా, ధర అడిగితే దేశ భద్రత అంటారు, తువ్వాల కింద ఏం జరిగిందో పార్లమెంటుకు కూడా తెలియదు! దళారికి ఈ పోలిక చెప్పాను. ఎర్ర రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి, సగం మరాఠీ సగం తెలుగు. సరే సార్ అని నా చేయి తువ్వాల కిందికి లాక్కున్నాడు. అతను ఒక వేలు నొక్కాడు. నేను రెండు నొక్కాను. ఎన్ని వేళ్లు నొక్కితే అంత తగ్గించినట్టని నా లెక్క. అతను నా మొహంలోకి చూసి, తువ్వాల కింద మళ్లీ అడిగినట్టుగా మెల్లగా నొక్కాడు. నేను పట్టు వదలకుండా ఇంకో వేలు కలిపి గట్టిగా నొక్కాను. బేరం తెగింది. దళారి నా భుజం తట్టి చాయ్ తెప్పించాడు. కొనేవాడు తనంతట తాను ధర పెంచుకుంటూ పోవడం ఆ అంగడిలో ఎవరూ చూసి ఉండరని తరువాత బావ చెప్పాడు.

ఎద్దు మాత్రం బాగుంది. తెల్లటి ఒళ్లు, నల్లటి కళ్లు. వలపలదే. అడిగి, నడిపించి, ఖాయం చేసుకున్నాను. అంతా అయ్యాక అమ్మినవాడు ఎద్దు మెడకున్న తలుగు విప్పి తన భుజాన వేసుకున్నాడు. ఇదేమిటన్నాను. దళారి చెప్పాడు: "అమ్మినోడు ఎద్దునే ఇస్తడు సార్, తలుగు ఇయ్యడు. తలుగు ఇస్తే వాని కొట్టంల బర్కత్ పోతది." ఇంటి కలిమి పోతుందని నమ్మకం, కొనేవాడే తన తాడు తెచ్చుకోవాలట. ఈ ఆచారం నేను ఎరగను. పక్క దుకాణంలో నైలాను తాడు కొని కట్టుకున్నాను. కానీ ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, వ్యానులో ఎద్దు పక్కన కూర్చుని వస్తూ ఒక పూర్తి ఉపన్యాసం తయారు చేసుకున్నాను. విమానం అమ్మిన దేశం విమానమే ఇస్తుంది, తలుగు తన దగ్గరే పెట్టుకుంటుంది. విడిభాగాలు ఒక తలుగు, ప్రోగ్రాం ఒక తలుగు, ఎవరి మీద ఎగరేయాలో ఎవరి మీద ఎగరేయకూడదో అన్నది అన్నిటికంటే పెద్ద తలుగు. కరీంనగర్ వాళ్లు మళ్లీ పిలిస్తే ఈ పోలికతో దుమ్ము దులపాలనుకున్నాను. ఎద్దు నా చొక్కా కాలర్ నమిలింది.

మర్నాడు జైనూర్ గుట్టల దిక్కు నుంచి మబ్బు లేచింది. సాయంత్రానికి దంచి కొట్టింది. తెల్లవారి నేల మీద కాలు వేస్తే మడమ దిగబడింది. పదును కుదిరింది. ఈ పదును రెండు మూడు పూటలే ఉంటుంది. అక్క ఎడ్లను కాడికి కట్టింది. గొర్రు తాను పట్టుకుంది, నన్ను ముందు తాడు పట్టుకుని నడవమంది. పాత ఎద్దు కదిలింది. నేను తెచ్చిన మహారాజు నాలుగు కాళ్లూ నేలలో పాతుకుని నిలబడ్డాడు. అక్క అదిలించింది. నేను అదిలించాను. నాలుక మడిచి చప్పుడు చేశాను, తోక మెలిపెట్టాను, బెల్లం చూపించాను. బెల్లం తిన్నది, నిలబడ్డది. మెల్లగా నచ్చజెప్పాను కూడా. అక్క గొర్రు వదిలేసి నడుము మీద చేయి పెట్టుకుంది. గట్టు మీద పోయే వాళ్లు ఆగి చూస్తున్నారు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందని సామెత ఉంది. ఆ అమ్మ అడ్రసు ఎవరైనా అడిగితే మా ఇంటి నంబరు ఇవ్వొచ్చు.

ఆ సమయానికి బావ ఫోన్ వచ్చింది. పని బందై క్యాంపులోనే ఉంటున్నాడు, పొద్దున లేచి మాట్లాడితే గాని అక్కకు తోచదు, ఆయనకూ తోచదు. అక్క గట్టు మీదికి పోయి స్పీకర్ పెట్టి, నేను తెచ్చిన ఎద్దు ఘనత వివరించింది. ఎక్కడ కొన్నరు అని అడిగాడు. చెప్పాం. బావ నవ్వాడు. ఆకాశం మూసేసిన తరువాత ఆయన నవ్వగా వినడం అదే మొదలు. ఆ అంగడికి వచ్చే ఎడ్లు మరాఠోళ్ల చేతుల పెరిగినవి, మన అదిలింపు వాటికి తెలియదు అన్నాడు. తరువాత గొంతు మార్చి, ఎత్తుగా, సాగదీసి, "చల్ రే రాజా! చల్!" అన్నాడు.

ఎద్దు నడిచింది. గొర్రును ఈడ్చుకుంటూ, పాత ఎద్దును ఈడ్చుకుంటూ, నన్ను ఈడ్చుకుంటూ, తిన్నగా గట్టు మీద ఉన్న ఫోను దగ్గరికి నడిచింది.

మా బావది సరిహద్దు ఊరు. వాళ్ల నాన్న ఎడ్లతో మరాఠీలోనే మాట్లాడేవాడు, ఈయనా అంతే. పాత ఎద్దు ఆయన గొంతు ఎరిగినదే. మా అక్క ఇన్నేళ్లూ ఆ మాటలు విన్నది, కానీ అవి మొగుడి వెర్రి కేకలు అనుకున్నదే గాని నేర్చుకోవాలని అనుకోలేదు. ఇప్పుడు నేర్చుకుని అరిచినా ఆ ఎద్దుకు ఆడగొంతు ఆనలేదు. నా గొంతు అంతకంటే ఆనలేదు. నా మరాఠీ విని అది నిజంగా అవమానపడినట్టు తల తిప్పుకుంది. చివరకు తేలింది ఏమిటంటే, ఎద్దు ఇక్కడ ఉంది, దాని తలుగు గల్ఫ్‌లో ఉంది.

అట్లా సాలు తీయడం మొదలైంది. అక్క ఫోను నా చొక్కా జేబులో, స్పీకర్ మీద. నేను ఎద్దు చెవి పక్కన నడవాలి. అక్క వెనక గొర్రు పట్టుకుని, చేను చివరికి రాగానే కేకేస్తుంది. నేను జేబులోకి "బావా, మూల మలుపు" అంటాను. సముద్రం అవతల మంచం మీద కూర్చున్న మనిషి "ఫిర్ రే రాజా, ఫిర్" అంటాడు. ఎద్దు తిరుగుతుంది. పెద్ద దేశాలు ఎక్కడో గదిలో కూర్చుని ఇంకెక్కడో విమానాన్ని నడిపిస్తాయని పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ఇక్కడ నా ఉద్యోగం ఫోను స్టాండు. విశ్లేషణ ఎవరూ అడగలేదు. ఒకసారి బురదలో జారి పడితే అక్క మొదట అడిగింది ఫోను తడిసిందా అని.

మధ్యమధ్య ఆ మోత వినబడేది. నా జేబులోంచి, మా పత్తి చేనులోకి. ఎద్దు చెవులు రిక్కించేది. బావ ఆగి, అది పోయాక మళ్లీ పిలిచేవాడు. తోకల గురించి నేను అడగలేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి చేను సగం దాటాం. అప్పుడు ఫోన్లో కొత్త శబ్దం వచ్చింది. విమానం మోత కాదు, సన్నగా మొదలై పైకి లేచే కూత. ఎవరో అరవడం, మంచాలు జరగడం. బావ "ఆగు బామ్మర్దీ" అన్నాడు. అంతే. ఫోను తెగిపోయింది.

ఎద్దు నిలబడిపోయింది. నేను నిలబడ్డాను. అక్క గొర్రు పిడి వదలకుండా నిలబడింది. మళ్లీ చేశాను. మోగలేదు. మళ్లీ చేశాను. చేనులో గాలి లేదు, ఎక్కడో ఒక కొంగ నడుస్తోంది. పాత ఎద్దు నెమరు వేస్తోంది. తాడును రెండు చేతులతో పట్టుకున్నాను.

అక్క మెల్లగా అడిగింది. గొంతులో కోపం లేదు, అది నన్ను చంపింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నువ్వు చెప్పు తమ్మీ. నీకు ఎరుకే గదా ఇవన్ని. ఏమైతది ఇప్పుడు?"

అదే ప్రశ్న స్టూడియోలో అడిగితే అరగంట చెప్పి ఉండేవాణ్ణి. ఎవరి దగ్గర ఏ రాడార్ ఉంది, ఏ క్షిపణిని ఏది ఆపుతుంది, ఎవరు ఎవరికి ఎంత సరుకు అమ్మారు, అన్నీ నా నోటి చివర ఉన్నాయి. కానీ ఆ కూత కింద ఒక మంచం ఉంది, ఆ మంచం మీద మా బావ ఉన్నాడు, అంతకు మించి ఏదీ నా బుర్రలో నిలవలేదు.

"నాకు తెల్వదక్కా" అన్నాను.

అక్క తల ఊపింది. గొర్రు వదిలి వచ్చి నా పక్కన నిలబడి, ఎద్దు మూపు మీద చేయి వేసింది. ఇద్దరం నా జేబులోని ఫోను వైపే చూస్తూ నిలబడ్డాం. ఎండకు సాళ్ల అంచులు తెల్లబడుతున్నాయి. పదును ఆరిపోతోందని ఇద్దరికీ తెలుసు.

ఫోను మోగింది. అక్క నా జేబులోంచి లాగేసుకుంది, జేబు సగం చినిగింది. "ఏమయ్యా" అన్నది. కింది అంతస్తుకు దించిండ్రు, అక్కడ సిగ్నల్ లేదు, మంచిగనే ఉన్న అన్నాడు బావ. ఆయాసపడుతున్నాడు. కొంచెం ఆగి, "ఎద్దు నిలబడ్డదా? సాలు ఏడిదాక వచ్చింది?" అని అడిగాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, చింత చెట్టు నీడ దాక వచ్చింది అని చెప్పింది. ఫోను నాకు ఇచ్చి గొర్రు దగ్గరికి పోయింది. చినిగిన జేబులో ఫోను నిలవదు. చేత్తో గుండెకు అదిమి పట్టుకుని నడిచాను. పొద్దుగూకేలోపు చేను పూర్తయింది.

ఆకాశం మళ్లీ తెరిచారు. తెరిచినా టికెట్టు దొరకడానికి, కంపెనీ ఆఫీసు నుంచి పాస్‌పోర్టు బయటికి రావడానికి ఇంకా సమయం పట్టింది. ఈలోపు కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త విమానాల ఒప్పందం మీద చర్చ ఉంది, రమ్మన్నారు. చేనులో కలుపు ఉందన్నాను. నిజంగానే ఉండింది, మా అక్కది. వాళ్లు ఇంకెవరినో పిలిచారు. ఆయన నాకంటే బాగా వేలు ఆడించాడు.

బావ వచ్చేనాటికి పత్తి మోకాలి ఎత్తు ఉంది. మంచిర్యాల స్టేషన్‌లో దింపుకుని నేనే ఊరికి తీసుకుపోయాను. ఇంట్లోకి కూడా పోలేదు, కాళ్లు కడుక్కోలేదు, నేరుగా చేనుకు పోదామన్నాడు. పచ్చగా ఉన్న సాళ్లను గట్టు మీద నుంచి చూశాడు. చింత చెట్టు దగ్గర సాళ్లు కొంచెం వంకర పోయాయి, ఎడ్లు నిలబడి మళ్లీ కదిలిన చోట. అక్క అది చూపించింది. ఆయన అక్కడికి నడిచి పోయి, వంగి, ఆ వంకర మీద మొలిచిన ఒక మొక్కను ముట్టుకుని వచ్చాడు.

తరువాత కొట్టంలోకి పోయాం. నేను తెచ్చిన ఎద్దు పడుకుని ఉంది. దాన్ని బావ చూడడం అదే మొదటిసారి, అది ఆయన్ను చూడడమూ అంతే. దాని ఎదురుగా నిలబడి, ఆయన తన గొంతుతో, ఎత్తుగా, సాగదీసి, "చల్ రే రాజా" అన్నాడు.

ఎద్దు లేచి నిలబడింది. బావ వైపు చూడలేదు. మెడ తిప్పి నా చొక్కా జేబు వైపు చూసింది.

అందరికంటే ముందు నేనే నవ్వాను. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. మా అక్క కూడా నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే కొట్టం గుంజను పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా నేను చూసింది అదే మొదటిసారి. బావ ఆమె దగ్గరికి పోయాడు. నేను జేబులోంచి ఫోను తీసి గూట్లో పెట్టి, ఎద్దుకు కుడితి కలపడానికి పోయాను.